తాడుకు అవతలి చుక్కకూర

కువైట్‌కు వచ్చిన ఇన్నేళ్ళలో నేను చేసిన నేరం ఒక్కటే. చుక్కకూర కోశాను. ఆ నేరమైనా నా పేరు మీద లేదు. ఇంకొకామె పేరు మీద వేసి, ఆమెను విమానం ఎక్కించి పంపేశారు. నా కోపం దాని గురించే. ఎంతమంది పోనీలే అన్నా నాకు పోవడం లేదు. రాస్తే పోతుందేమోనని రాస్తున్నాను, పోతుందన్న నమ్మకమేమీ లేదు.

మాది కడప దగ్గర పల్లె. జాబ్రియాలో ఒక ఇంట్లో వంట, ఇల్లు చూసుకునే పని నాది. ఆ ఇంటావిడను ఇక్కడ పనివాళ్ళందరూ పిలిచినట్టే నేనూ మామా అని పిలుస్తాను. మామా చెడ్డది కాదు. నాకు జ్వరం వస్తే తనే మందులు తెచ్చిస్తుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది వింటే ఆమెను రాక్షసి అనుకుంటారు. ఆమె రాక్షసి అయ్యుంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

మామా కొడుకు విదేశంలో చదువుకుని వచ్చాడు. పర్యాటకం చదివాడట. తిరగడానికి కూడా ఒక చదువుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇక్కడ చలికాలం వచ్చిందంటే కుటుంబాలకు కుటుంబాలే ఎడారికి తరలిపోయి గుడారాలు వేసుకుంటాయి. ఎడారిని వీళ్ళు బర్ అంటారు. చలి తగ్గి అందరూ ఇళ్ళకు వచ్చేశాక ఆ బర్‌ను చూడాలి. ఎక్కడ చూసినా ప్లాస్టిక్ సీసాలు, బొగ్గులు, చిరిగిన పట్టలు, బండ్ల చక్రాల కింద పడి చచ్చిన మొక్కలు. మామా కొడుకుకు అది చూసి బాధేసింది. నిజంగానే వేసింది, అందులో నాటకం లేదు. నేలను పాడుచేయని శిబిరం ఒకటి పెట్టి జనానికి చూపిస్తానన్నాడు. ఎండతో వెలిగే దీపాలు, ప్లాస్టిక్ లేని వంటిల్లు, నీళ్ళు అక్కరలేని మరుగుదొడ్లు. మొక్కలున్న చోటంతా చుట్టూ తాడు కట్టి, తాడుకు ఇవతలే నడవాలని బోర్డులు పెట్టించాడు. దజీజ్‌లో ఒక గోడౌన్ తీసుకుని సామానంతా అక్కడ పెట్టాడు. ఆ సామానంతా దులిపి, కడిగి, లారీకెత్తింది మాత్రం నేనూ అక్కా.

అక్క అంటే నా సొంత అక్క కాదు. రాయచోటి మనిషి, ముస్లిం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, నాతో మా సీమ తెలుగే మాట్లాడుతుంది. మామా చెల్లెలి ఇంట్లో పని ఆమెది, మా ఇంటికి రెండు సందుల అవతల. యాభై దాటింది. మోకాళ్ళ నొప్పులు. కూతురు నర్సింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. "ఇంగొక యేడాది మే. ఆ పిల్ల తెల్లకోటు ఏసుకున్యాక నేను ఎవురికీ గిన్నెలు తోమను" అనేది. ఆ యేడాదినే ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ బతికేది.

శిబిరం మొదలైనప్పుడు శుక్రవారం ఒక్కరోజు సాయానికి రమ్మన్నారు. తర్వాత గురువారం కూడా అన్నారు. నెల తిరిగేసరికి వారమంతా అక్కడే. మా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇంటిపనికి ఇచ్చినది. శిబిరంలో పనిచేయడానికి అది చెల్లదు. అందుకని ఎవరైనా తనిఖీకి వస్తే "మేము ఇంటివాళ్ళతో వచ్చిన పనిమనుషులం" అని చెప్పాలని మాకు పాఠం చెప్పారు. శిబిరం సిబ్బంది అని బట్టలిచ్చింది నలుగురికి. ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని అతిథులకు మొక్కల గురించి ఇంగ్లీషులో చెప్పే కుర్రాళ్ళూ అమ్మాయిలూ వాళ్ళు. నేనూ అక్కా ఆ లెక్కలో లేము. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

నీళ్ళు అక్కరలేని మరుగుదొడ్ల గురించి చెప్పాలి. వాటిని చూడటానికే జనం వచ్చేవాళ్ళు. లోపల అద్దం, సువాసన, పక్కన రంపపు పొట్టు డబ్బా. పని అయ్యాక ఒక దోసెడు పొట్టు వేస్తే చాలు, కొన్నాళ్ళకు ఎరువైపోతుందని గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. వాటిని కడిగేది మేము. వాడుకునే హక్కు మాకు లేదు. ఎక్కువమంది వాడితే ఎరువు సరిగ్గా కుదరదట. మేము తెల్లవారకముందే లేచి, నీళ్ళ ట్యాంకరు నిలబడే మిట్ట వెనక్కి పోవాలి. మోకాళ్ళు వంగని ఆ మనిషిని చెయ్యి పట్టుకుని ఇసుకలో కూర్చోబెట్టి, మళ్ళీ లేపేదాన్ని. ఆమె నవ్వేది. "నా కూతురు నర్సు గాకముందే నువ్వు నర్సువైనావు గదమ్మే" అనేది. నాకు నవ్వు వచ్చేది కాదు, ఒళ్ళు మండేది.

దాని తర్వాత పని ఇసుక చదును చేయడం. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. ఒక పాత తివాచీకి రెండు పక్కలా తాడు కట్టి, దాని మీద రాయి పెట్టి, నేనొక పక్క అక్కొక పక్క పట్టి ఇసుక మీద ఈడ్చుకుంటూ పోవాలి. ముందురోజు నడిచిన అడుగులు, లాగిన కుర్చీల గీతలు అన్నీ చెరిగిపోవాలి. అతిథులు నిద్రలేచి గుడారం పరదా తీస్తే మనిషి కాలు పెట్టని ఎడారి కనిపించాలి. వాళ్ళు దాన్ని ఫోటోలు తీసుకుని, తామే మొదట అడుగుపెట్టినట్టు పొంగిపోయేవాళ్ళు. ఎడారికి హాని చేయకుండా చూసిపోయామని బోర్డు కింద నిలబడి మరో ఫోటో.

అడుగులైతే సరే. బండ్ల జాడలు కూడా చెరపాలి. శిబిరంలో బండ్లు ఒకచోటే నిలపాలని నియమం ఉంది. కానీ మామా కొడుకు స్నేహితులు వస్తే, పెద్ద కంపెనీ వాళ్ళెవరైనా వస్తే, సూర్యాస్తమయం చూపించడానికి అతనే తాడు విప్పి పక్కకు పెట్టేవాడు. నాలుగు చక్రాల బండ్లు మిట్ట దాకా దుమ్ము లేపుకుంటూ పోయేవి. మరునాడు పొద్దున ఆ చక్రాల గాళ్ళు పూడ్చేది మేము. విరిగిన మొక్కలు ఏరి సంచిలో వేసేది మేము. ఫింటాస్‌లో ఉండే మన తెలుగు కుటుంబాలు కూడా పిల్లలకు ప్రకృతి చూపించాలని వచ్చేవి. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఒకావిడ దగ్గరికి వచ్చింది. ఏ ఊరని అడిగి, చెప్పింది విని, ఇంకో రెండు టీలు తెమ్మంది.

ఆ యేడు వానలు బాగా పడ్డాయి. పదిహేను రోజులకు ఎడారి రంగు మారిపోయింది. ఒక మధ్యాహ్నం తాడు లోపల ఎగిరిపడిన కాగితపు కప్పులు ఏరమని నన్ను పంపారు. వంగి కప్పు తీయబోతే కాలి దగ్గర చుక్కకూర. మొదట నమ్మలేదు. ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. అదే పులుపు, మా ఊరి చేలగట్ల మీద ఉండే పులుపు. దుకాణంలో పెట్టెలో పెట్టి అమ్మే ఏ ఆకుకూరా కాదు, అచ్చం చుక్కకూర. ఇటు చూస్తే ఇంకో మొక్క, అటు చూస్తే ఇంకోటి. కొన్నిటికి అప్పుడే గులాబిరంగు కంకులు కూడా వచ్చాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆకుకూర చూసి ఏడ్చానంటే నవ్వుతారేమో, నవ్వుకోండి.

నేను చేసిన తప్పు ఇదీ. తాడు కట్టింది మొక్కల కోసమని నాకు తెలుసు. అయితే మొక్కలంటే నా మనసులో ఆ పసుపు పూల పొదలు, వాళ్ళు పేరుపెట్టి బోర్డు రాసినవి. చుక్కకూర కూడా కాపలా కాయాల్సిన అడవి మొక్క అని మా కడప మనిషి బుర్రకు ఎట్లా తడుతుంది? అది కూర. కూర కనిపిస్తే ఎవరైనా కోస్తారు, అంతే. బొటనవేలి గోరుతో లేత ఆకులు మాత్రం గిల్లాను. వేరు కదిలించలేదు, కంకుల జోలికి పోలేదు. మా అమ్మ నేర్పింది అట్లాగే. గిల్లితే మళ్ళీ వస్తుంది, పీకితే మళ్ళీ రాదు. ఒడిలో పోసుకుని వంటగుడారానికి పరిగెత్తాను.

అక్క చూసి చేతులు జోడించింది. "యాడ దొరికింది మే ఇది? దేవుడు పంపించినాడా?"

"తాడు లోపలుండాది అక్కా. శానా ఉండాది."

ఆ రోజు అతిథులకు వంట అయ్యాక మాకోసం ఎర్రపప్పులో చుక్కకూర వేసి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు తాలింపు పెట్టింది అక్క. ఉడికిన అన్నంలో కలుపుకుని ఇద్దరం గిన్నెలోనే తిన్నాం. అతిథులకు ఆ పూట వడ్డించిన ఆకులు ప్లాస్టిక్ పెట్టెల్లో విమానంలో వచ్చినవి. ఆ పెట్టెలు కనపడకుండా దాచే పని కూడా మాదే. తిన్నాక అక్క వేళ్ళు నాకుతూ, "ఈ పొద్దు నాకు మోకాళ్ళు గూడా నొప్పి లేవు పో" అంది.

కాడలు ఎరువు బకెట్లో వేశాం. మాకు చెప్పింది అదే కదా, వంటింటి చెత్త ఏదైనా ఆ బకెట్లోనే వేయాలని. అతిథుల్లా ఒక సంచిలో కట్టి ఎడారిలోకి విసిరేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నియమం పాటించినందుకే దొరికిపోయాం. మరునాడు ఎరువు ఎంత అయిందో చూడటానికి మామా కొడుకు బకెట్ మూత తీశాడు. కాడలు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మొహం మాడ్చుకున్నాడు. హుమ్మైద్, అన్నాడు. చుక్కకూరను వీళ్ళు అలా పిలుస్తారని నాకు అప్పుడే తెలిసింది.

అందరినీ వరసగా నిలబెట్టాడు. ఆకుపచ్చ చొక్కాల వాళ్ళను ఒక పక్క, మమ్మల్ని ఒక పక్క. ఈ ఎడారిని కాపాడటానికి తాను ఎంత కష్టపడుతున్నాడో చెప్పాడు. నేలను పాడుచేయని శిబిరమని యోగ్యతాపత్రం ఇచ్చే పరిశీలకురాలు పది రోజుల్లో రాబోతోందని, ఇలాంటి సమయంలో ఇంత పని ఎవరు చేశారో చెప్పాలని అన్నాడు. అరిచాడంటే అరవలేదు. నిజంగా బాధపడ్డాడు. నిన్న సాయంత్రం అతని స్నేహితుల బండి ఆ మొక్కల మీదుగానే పోయిందని నాకు తెలుసు, ఆ గాళ్ళు పొద్దున నేనే పూడ్చాను. ఆ మాట నా నాలుక మీదే ఉంది. నోరు తెరవబోయాను.

నాకంటే ముందు అక్క చెయ్యెత్తింది. "నేనే" అంది అరబ్బీలో.

నేను నోరు మూసుకున్నాను. దీనికి నేను ఏ సాకూ చెప్పను. భయపడ్డాను, అంతే. ఆ నెలలోనే నా ఇఖామా కొత్తది చేయించాలి. మామా సంతకం పెట్టకపోతే నేను ఇంటికే. అది అక్కకు తెలుసు. తెలిసే చెయ్యెత్తింది. నేను తల వంచుకుని నా కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత గిన్నెలు కడిగేచోట పట్టుకుని అడిగాను. "నువ్వేంటికి చెప్పినావక్కా? కోసింది నేను గదా!"

"గమ్మునుండు మే. నీ ఇఖామా ఉండాది ఈ నెల్లో. నాది ఇంగా శానా ఉండాది. నన్నేం చేస్తారు, రెండు తిట్లు తిడ్తారు. తిట్లకేమన్నా బరువుంటాదా, మోకాళ్ళు నొయ్యడానికి?"

తిట్లతో పోలేదు. మూడో రోజు మామా చెల్లెలు ఫోన్ చేసి, అక్కకు టికెట్ తీశామని చెప్పింది. ఆరు రోజుల్లో ప్రయాణం. అక్క పోయి తివాచీ తాడు పట్టుకుని, ఆ పూట ఈడ్చాల్సిన ఇసుకంతా ఈడ్చింది. మధ్యలో ఆగి, "పరీక్షలు ఎప్పుడో ఆ పిల్లకి" అని తనలో తాను అనుకుంది. నేను అటు తిరిగి ఏడ్చాను.

ఆ శుక్రవారం మామా అత్తగారు శిబిరానికి వచ్చింది. చాలా పెద్దావిడ, చక్రాల కుర్చీలో తిప్పాలి. తాడు దగ్గరికి రాగానే కుర్చీ ఆపమంది. వంగి, వణికే చేత్తో తాడు అవతల ఉన్న మొక్క ఒకటి వేరుతో సహా పీకింది. మట్టి దులిపి, ఆకులు నోట్లో వేసుకుని నమిలింది. పళ్ళు లేని నోటితో నవ్వుతూ, చిన్నప్పుడు వాన పడ్డాక పిల్లలమంతా ఒళ్ళో నింపుకుని వచ్చి ఇట్లాగే తినేవాళ్ళం అని చెప్పింది. ఆమె మాటల్లో ఒక్క తప్పు లేదు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకూ నాకూ అది ఒకటే, అది కూర.

కానీ చుట్టూ ఉన్నవాళ్ళు! అందరూ ఫోన్లు తీశారు. ఆకుపచ్చ చొక్కా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మామా కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని, నాయనమ్మ చేతిలోని చుక్కకూరతో కలిపి ఫోటో తీయించుకున్నాడు. సాయంత్రానికి ఆ ఫోటో శిబిరం పేజీలో వచ్చింది. కింద ఏదో రాశాడు, చదివి చెప్పమంటే ఆ అమ్మాయే చెప్పింది. మా తాతముత్తాతల రుచి, మా నేల వారసత్వం అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె పీకితే వారసత్వం, అక్క గిల్లిందంటే దొంగతనం. అక్క గిల్లను కూడా లేదు. నేను వంటగుడారంలోకి పోయి ఒక పళ్ళెం నేలకేసి కొట్టాను. మట్టి పళ్ళెం, ప్లాస్టిక్ లేని వంటిల్లు కదా, పగిలి ముక్కలైంది.

ఇక ఊరుకోలేదు. మామా ఒంటరిగా కాఫీ తాగుతున్నప్పుడు పోయి ఎదురుగా నిలబడ్డాను.

"మామా, ఆ ఆకు కోసింది నేను. ఆమె కాదు. ఆమె టికెట్ ఆపండి. పంపిస్తే నన్ను పంపండి."

మామా కప్పు కింద పెట్టింది. నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు చాపి, బొటనవేలి గోరు చూపించింది. దాని కింద పసరు మరక ఇంకా పోలేదు.

"నాకు తెలుసు," అంది. "మొదటి రోజే చూశాను. నీ గోరు పచ్చగా ఉంది."

నాకు అర్థం కాలేదు. తెలిస్తే ఆమెను ఎందుకు పంపుతున్నారని అడిగాను.

"ఆమె మోకాళ్ళు పనికి రావు. మా చెల్లి చాలా రోజులుగా పంపేయాలని చూస్తోంది. ఊరికే పంపితే బాగుండదు కదా, ఇప్పుడొక కారణం దొరికింది." నా చెయ్యి నిమిరింది. "నువ్వు మంచిదానివి. బాగా పనిచేస్తావు. నిన్నెవరు పంపుతారు? నీ ఇఖామా కాగితాల మీద ఈ ఆకు గొడవకు ముందే, పోయిన వారమే సంతకం పెట్టాను. ఖలాస్, పో, ఏడవకు."

ప్రేమగానే అంది. నిజంగా ప్రేమగానే అంది. ఆ ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

పరిశీలకురాలు వచ్చిన రోజూ అక్క ప్రయాణం రోజూ ఒకటే. అక్కను జాబ్రియా నుంచే విమానాశ్రయానికి తీసుకుపోయారు. నన్ను పంపలేదు, శిబిరంలో పని ఉందని. ముందు సాయంత్రం పెద్ద అతిథుల బండ్లు మూడు మిట్ట దాకా పోయి వచ్చాయి. పొద్దున తివాచీ నా ముందు ఉంది, రెండో తాడు పట్టే మనిషి లేదు. ఒక్కదాన్నే అయినా ఈడ్చగలను. ఈడ్చలేదు. తివాచీని చుట్టి దాని మీద కూర్చున్నాను. చక్రాల గాళ్ళు చుక్కకూర మధ్యనుంచి రెండు దారులుగా మిట్ట దాకా పోయి, గులాబిరంగు కంకులు మట్టిలో కలిసి పడున్నాయి. నా బతుకులో చేయకుండా వదిలేసిన పని అదొక్కటే.

పరిశీలకురాలు అరబ్బీ మాట్లాడే మనిషే, వేరే దేశపు యాస. చేతిలో అట్ట, దానికి కాగితాలు. దీపాలు చూసింది, ఎరువు చూసింది, మరుగుదొడ్లలో పొట్టు డబ్బా మూత కూడా తీసి చూసింది. తాడు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇదేమిటని అడిగింది.

మామా కొడుకు మొహం పాలిపోయింది, కానీ ఒక్క క్షణమే. తర్వాత గడగడా చెప్పుకుపోయాడు. పనివాళ్ళకు మొక్కల విలువ తెలియదని, ఎంత చెప్పినా వినరని, రక్షణలో ఉన్న మొక్కలు కోసిన ఒక పనిమనిషిని ఈ ఉదయమే తీసేశామని. ఈ విషయంలో తాము ఎవరినీ వదిలిపెట్టమన్నాడు. పరిశీలకురాలు తల ఊపుతూ రాసుకుంది. మెచ్చుకోలుగా ఊపింది, నేను చూశాను. అక్క విమానం ఆ సమయానికి బయలుదేరి ఉంటుంది.

తివాచీ మీదనుంచి లేచి వెళ్ళాను. నాకు వచ్చిన వంటింటి అరబ్బీలోనే చెప్పాను.

"ఆకు కోసింది నేను, ఆమె కాదు. నేను గోరుతో గిల్లాను. ఇది చక్రం. మాకు బండ్లు లేవు."

పరిశీలకురాలు నన్ను పైనుంచి కిందికి చూసి, తన కాగితాల్లో ఒక పేజీ తిప్పింది. శిబిరం సిబ్బంది పేర్లున్న పేజీ. నాలుగు పేర్లు.

"ఈమె ఎవరు?" అని అడిగింది, నన్ను కాదు.

"మా ఇంట్లో పనిమనిషి," అంది మామా. "మాతో పాటు వచ్చింది. శిబిరంతో సంబంధం లేదు."

పరిశీలకురాలికి ఇబ్బందిగా అనిపించిందని ఆమె మొహం చెప్పింది. కలం ఎత్తి, కాసేపు ఆగి, దించింది. పక్షుల గురించి, నీళ్ళ గురించి, ఉడుముల గురించి ఆమె దగ్గర తలా ఒక పేజీ ఉంది. నా మాట రాయడానికి గీత లేదు. చక్రాల జాడను ఒక ఫోటో తీసుకుని, ఇలాంటివి మళ్ళీ జరగకుండా చూసుకోమని మామా కొడుకుతో చెప్పి, టీకి వెళ్ళిపోయింది. యల్లా, పని చూసుకో అన్నాడతను నాతో. తివాచీ వైపు చూపించాడు.

యోగ్యతాపత్రం వచ్చింది. జాబ్రియా ఇంట్లో హాల్లో, నాయనమ్మ చుక్కకూర ఫోటో పక్కన చట్రం కట్టి పెట్టారు. వారానికోసారి రెంటినీ తుడిచేది నేనే. పత్రంలో రెండో పేరా ఏమిటని మామా కూతురిని అడిగి చెప్పించుకున్నాను. స్థానిక మొక్కల రక్షణలో చూపిన కఠినత్వానికి ప్రత్యేక ప్రశంస, అని ఉందట. ఆ కఠినత్వం అంటే అక్క. ఆమె మోకాళ్ళు, ఆమె కూతురి ఆఖరి సంవత్సరం, ఆ పేరాలో ఉన్నది అదే. తుడిచే ప్రతిసారీ ఆ గాజు మీద గుడ్డ కాస్త గట్టిగానే పడుతుంది.

ఇల్లు వదిలి పోవచ్చు కదా అని మీరడుగుతారు. పోలేదు. ఇఖామా కొత్తదైంది, పని ఉంది, నేను ఉన్నాను. నా మీద నాకున్న కోపం వాళ్ళ మీద ఉన్నదానికి తక్కువేమీ కాదు.

అక్క ఇప్పుడు రాయచోటిలో పెండ్లిండ్ల వంటలకు పోతోంది. పొయ్యిల దగ్గర పొద్దస్తమానం నిలబడాలి. కూతురు చదువు ఒక యేడు ఆగింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. తిట్టదు, ఏడవదు, నా బాగోగులు అడుగుతుంది. మొన్న కూడా అడిగింది.

"నీ ఇఖామా అయిపాయ గదమ్మే?"

"అయిపాయ అక్కా."

"అల్లా చల్లగా చూడాల. పోతేపాయ నా పని. నువ్వన్నా నిలబడినావు. నేను ఆ పొద్దు చెయ్యెత్తకుంటే నిన్ను పంపించేస్తా ఉండిరి. నాకు అదే తృప్తి మే. వంటకాడ మోకాళ్ళు నొస్తాంటే అదే అనుకుంటాండా, ఒక ఆడబిడ్డను కాపాడినా అని."

సంతకం అప్పటికే అయిపోయిందని, నన్ను ఎవరూ పంపేవాళ్ళు కాదని, ఆమె ఎత్తిన చెయ్యి నా కోసం ఏమీ చేయలేదని, వాళ్ళకు కావాల్సిన కారణం మాత్రమే ఇచ్చిందని ఆమెకు చెప్పాలి. ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనే ఫోన్ ఎత్తుతాను.

"అవునక్కా," అన్నాను. "నువ్వు లేకుంటే నేను లేను."